పడుగు పరిచే తావు

ఆ వాక్యాన్ని నిజమని నమ్మి రాశానా, అందంగా ఉందని రాశానా?

ఈ ప్రశ్న నాకు నేను వేసుకోవడం మొదలుపెట్టి కొన్నాళ్ళయింది. మొదట్లో దీనికి జవాబు నాకు తెలియదనుకున్నాను. జవాబు తెలిసిన ప్రశ్ననే మనిషి ఇన్నిసార్లు వేసుకుంటాడని తర్వాత అర్థమైంది.

నేను తిరుపతిలో ఒక కళాశాలలో తత్త్వశాస్త్రం చెబుతాను. ఇల్లు మాత్రం నగరి దిక్కున ఒక చిన్న పట్నంలో, నేతగాళ్ళ వీధిలో ఉంది. పొద్దున రైలుకు పోయి సాయంత్రం రైలుకు వస్తాను. తిరుపతి నుంచి వెలువడే ఒక మాసపత్రికలో చిన్న చిన్న పేటల గురించి ఒక శీర్షిక నడుస్తోంది. ఏదైనా ఒక పేటను తీసుకుని దాని స్వరూపం, మనుషులు, నడవడి రాయాలి. మీ వీధి గురించి మీరే రాయండని సంపాదకుడు అడిగాడు. రాశాను.

రాయడానికి సరుకు లేని వీధి కాదు మాది. ఒక చివర మురుగన్ గుడి, ఇంకో చివర టీ అంగడి. ఆడికృత్తికకు కావళ్ళు మోసుకుని తిరుత్తణికి నడిచేవాళ్ళు గుడి దగ్గర ఆగి మజ్జిగ తాగి పోతారు. మాటల్లో సగం తెలుగు, సగం అరవం. కోపం వస్తే మొత్తం అరవం. ఇంటింటా మరమగ్గాలు పొద్దస్తమానం కొట్టుకుంటూ ఉంటాయి. వయసు పిల్లలు చాలామంది మగ్గం వదిలి రేణిగుంట గోదాములకు, ఫ్యాక్టరీలకు పోతున్నారు. చేతిమగ్గం పట్టుకుని ఉన్నవాళ్ళలో చివరివాళ్ళు మా ఎదురింటి కుప్పయ్య, ఆయన భార్య వరదమ్మ.

చేతిమగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు నూలును, పొడవుగా సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఎండలో ఆరబెట్టాలి. అంత పొడుగు తావు ఏ ఇంట్లోనూ ఉండదు. అందుకే వారానికొకసారి తెల్లవారి కుప్పయ్య వీధిలోనే రెండు గుంజల మధ్య పడుగు కట్టేవాడు. ఆ పూట బండ్లు పక్కవీధిలోంచి తిరిగి పోయేవి. ఒక ఆచారం కూడా ఉంది. ఎవరి వాకిలి ముందు పోగు తెగితే ఆ ఇంటివాళ్ళే వచ్చి అతకాలి. మరమగ్గాల వాళ్ళు కూడా పళ్ళు తోముకుంటూ వచ్చి అతికి పోయేవారు. మా వాకిలి ముందు తెగిన పోగును నా భార్య లీలావతి అతికేది. నేను వసారాలో కూర్చుని చూసేవాణ్ణి.

ఇదంతా ఉన్నది ఉన్నట్టే రాశాను. ఒక్క వాక్యం తప్ప. "పడుగు పరిచిన వేళ ఈ వీధిలో అంబులెన్సు సైతం ఆగుతుంది, నూలు ఆరేదాకా మృత్యువుకైనా నిరీక్షణ తప్పదు."

పోయిన వానాకాలం మునిరామయ్య అనే ముసలాయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఆటో వచ్చేసరికి పడుగు తడిగా, వీధి నిడివినా ఉంది. కుప్పయ్య ఎవరూ చెప్పకముందే గుంజ దగ్గరి ముడి కత్తిరించి, తడి నూలునంతా చేతులతో పోగుచేసి గోడకు విసిరేశాడు. ఆటో పోయింది, మునిరామయ్య బతికాడు. ముద్దకట్టిన పడుగు మళ్ళీ పనికి రాలేదు. ఇదంతా వసారాలోంచి నేను చూశాను. చూసి కూడా ఆ వాక్యం రాశాను. జరిగింది రాస్తే మామూలు మంచితనం గురించిన మామూలు పేరా అయ్యేది. మృత్యువును వీధి మొగదల నిలబెడితే పాఠకుడు పేజీ దగ్గర ఆగుతాడు. ఆ లెక్క నా మనసులో జరిగింది. జరగలేదని నన్ను నేను నమ్మించుకోవడానికి చాలా ప్రయత్నించాను.

పత్రిక వచ్చిన రోజు వీధి సంబరపడింది. కుప్పయ్య ఆ పేజీని కత్తిరించి మగ్గం ఎదుట గోడకు అంటించాడు.

"ఫోటోలో నా ముక్కు ఇంత పెద్దగా పడినాది. మీరు రాసింది మా గురించేనా సార్, ఇంకెవరి గురించన్నానా?" అంది వరదమ్మ.

"ముక్కు ఉండేదే అంత గదా," అన్నాడు కుప్పయ్య.

నెల తిరక్కముందే మున్సిపాలిటీ మనిషి వచ్చి, వీధిలో ఇకమీదట పడుగు కట్టకూడదని చెప్పి పోయాడు. వెనక వీధిలో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల వాళ్ళు అర్జీ పెట్టుకున్నారు. అర్జీకి నా వ్యాసం జతచేశారు. ఆ వాక్యం కింద గీత గీశారు.

నేను మున్సిపల్ ఆఫీసుకు పోయాను. ఆ వాక్యం అబద్ధమని, నేనే కల్పించానని, మునిరామయ్య సంగతి ఇదీ అని అధికారికి చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"రాసిన మీరే కాదంటా ఉండారు, నేను నమ్ముతాను సార్," అన్నాడు. "అయినా ఒక మాట. అప్పుడు ఆటోకు దావ ఇచ్చినారు సరే. రేపు ఒక్క నిమిషం ఆలస్యమై ఎవరన్నా పోతే, తెలిసి కూడా ఏం చేసినావని నన్ను అడగరా? ఇన్నాళ్ళూ మాకు తెలీనట్టు ఉండినాము. మీరు అచ్చేసినాక తెలీనట్టు ఉండేదెట్లా?"

నా వాక్యం అబద్ధమైనా, అది ఈయన కళ్ళు తెరిపించింది. అబద్ధాన్ని వెనక్కు తీసుకోగలను. తెరిచిన కళ్ళను మూయలేను. తిరిగి వస్తూ, చెప్పవలసింది చెప్పేశాను కదా అని కొంత తేలికపడ్డాను కూడా. ఆ తేలికను తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆదివారం పొద్దున టీ అంగడి దగ్గర కుప్పయ్య, వరదమ్మ, మా పక్కింటి మురుగేష్ కూర్చుని ఉన్నారు. మురుగేష్‌ది మరమగ్గాల షెడ్డు. నన్ను చూసి కుప్పయ్య జరిగి బెంచీ మీద చోటిచ్చాడు.

"బడి ఆవరణ అడిగినాము సార్. పిలకాయలు పోగులు లాగుతారు, వద్దనినాడు అయ్యవారు," అన్నాడు. "చెరువు కాడ పరిచి సూసినాను. మన్ను లేసి గంజికంతా అతుక్కునె. మేకలు నాకినాయి."

"మేకలకు రుచి తెలుసు మామా," అన్నాడు మురుగేష్. "రైలు పట్టాల మింద పరుద్దాం రా. రేణిగుంట దాకా పడతాది."

"నువ్వు పరుసు. నేను ఆడ గోదాములో వాచ్‌మెన్‌గా కూర్చోని ఈ చివర పట్టుకుంటాను," అన్నాడు కుప్పయ్య.

నవ్వారు. కుప్పయ్య నవ్వలేదు. గోదాములో కాపలా పనికి మాట ఇచ్చేశాడని, మగ్గం విప్పి అటక మీద పెట్టేస్తారని వరదమ్మ చెప్పింది.

"ఈయప్పకు రాత్రి మేలుకోను రాదు. బువ్వ తిన్న్యాక గుంజకు ఆనుకున్నా నిద్రపోతాడు. దొంగలొస్తే వాళ్ళే లేపల్ల," అంది.

"అంత దూరం ఎందుకు మామా?" అన్నాడు మురుగేష్ గ్లాసు చేతిలో తిప్పుతూ. "నా షెడ్డెనక తావు ఊరికే పడి ఉండాది. సార్ వాళ్ళ ఇంటెనక తావూ అట్లే ఉండాది. నడాన గోడ ఒకటి లేకుంటే మీ పడుగు పడతాది. నిన్న అడుగులేసి సూసినా గదా."

"నువ్వు నోరు మూసుకోని టీ తాగు," అంది వరదమ్మ. "అది సారు సదువుకునే తావు. మగ్గాల శబ్దానికే గదా ఆయప్ప గోడ కట్టుకునింది."

"సదువుకునేవాళ్ళకు నిమ్మళం కావల్ల," అన్నాడు కుప్పయ్య. ఆ మాటలో దెప్పిపొడుపు ఏమీ లేదు. ఉండి ఉంటే బాగుండేది.

ఆ గోడ నేను ఈ వీధికి వచ్చిన ఏడాదే కట్టించాను. మామూలు ప్రహరీ కాదు, ఎత్తుగా, రెండు వరసల ఇటుకతో కట్టించినది. దాని వెనక పెరట్లో రేకుల పందిరి, కుర్చీ, పుస్తకాల బల్ల. మరమగ్గాల మోత అక్కడికి దూరంగా, వానలాగా వినిపిస్తుంది. నా చదువంతా అక్కడే జరిగింది. ఇంకొకరి ఎదుట మనిషి బాధ్యత ఎక్కడ మొదలవుతుందన్న విషయం మీద నేను పాఠం తయారుచేసుకున్నది కూడా ఆ గోడ నీడలోనే.

వాళ్ళు ముగ్గురూ నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి కష్టపడుతున్నారని తెలుస్తూనే ఉంది. ఆ క్షణంలో ఒక్క మాట అంటే చాలు. నేను టీ తాగి, "రైలు టైమయింది" అని లేచాను. ఆదివారం నాకు కాలేజీ లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు.

పెరట్లో బల్ల ముందు కూర్చున్నాను. పత్రికకు సవరణ రాయాలనుకున్నాను. ఒక మనిషి తన వీధిని పొగుడుతూ దానికి ఎట్లా ద్రోహం చేశాడో, ఒక వాక్యం ఒక మగ్గాన్ని ఎట్లా ఆపిందో రాయాలి. మొదటి వాక్యం రాశాను. కొట్టేశాను. ఇంకోలా రాశాను. మూడోసారి రాసినది చదువుకుంటే నాకు తృప్తి కలిగింది. బాగా వచ్చింది. 'ద్రోహం' అన్న మాట ఎక్కడ పడాలో అక్కడే పడింది.

ఆ తృప్తిని గుర్తుపట్టగానే చెయ్యి ఆగిపోయింది. ఆ వ్యాసంలో మృత్యువును వీధి మొగదల నిలబెట్టినప్పుడు కలిగినది ఇదే. ఇప్పుడు నా తప్పును నిలబెడుతున్నాను, అంతే తేడా. దీన్ని కూడా చదివి ఎవరో ఒకరు ఎంత నిజాయితీ అంటారు. కుప్పయ్య అప్పటికి గోదాము గేటు దగ్గర కూర్చుని ఉంటాడు.

లీలావతి ఆరిన బట్టలు తీసుకోవడానికి పెరట్లోకి వచ్చింది.

"ఏమి రాస్తా ఉండారు?"

"సవరణ."

"ఎవురికి?"

తను తీగ మీది దుప్పటి లాగి మడతపెట్టింది.

"మధ్యాహ్నం మగ్గం విప్పుతారంట. మురుగేషును సాయానికి పిలిచినారు. వరదమ్మ నాకు నూలు కండెలు ఇవ్వడానికి వచ్చినాది, మిగిలిపోయినాయంట. దీపం ఒత్తులకు పనికొస్తాయి పెట్టుకో అక్కా అనె," అంది. తర్వాత, "టీ అంగట్లో గోడ మాట వచ్చిందంట గదా?" అని అడిగింది.

"నీకెవరు చెప్పినారు?"

"వీధంతా తెలుసు. మీరు విన్నారని కూడా తెలుసు."

"నువ్వెందుకు అనలేదు మరి, ఇన్నాళ్ళూ?"

"మీరు రాసింది సదివి నేనూ మురిసిపోయినాను గదా," అంది. "నాకు మాత్రం ఏం మొహం ఉండాది, అడిగేదానికి?"

దుప్పటి భుజాన వేసుకుని అక్కడే నిలబడింది. నేను గోడ వైపు చూశాను. ఈ గోడ పోతే పందిరి కూడా పోతుంది. మోత వానలాగా కాక మోతలాగే వినిపిస్తుంది. ఎన్ని సంవత్సరాలుగానో నన్ను నేను ఆలోచనాపరుణ్ణని అనుకోవడానికి ఆధారం ఈ కాస్త నిశ్శబ్దమే. అది లేకపోతే నేను ఏమవుతానో నాకు తెలియదు. తెలుసుకునేదాకా కుప్పయ్యను ఆగమనడానికి నాకు హక్కు లేదు. మధ్యాహ్నానికి ఎక్కువ వ్యవధి లేదు.

రాసిన కాగితం చింపలేదు. అది కూడా ఒక నాటకమే అవుతుంది. పుస్తకాలతో పాటు దాన్నీ ఎత్తి లోపల మంచం మీద పడేశాను. బల్ల, కుర్చీ వసారాలోకి లాగాను. తర్వాత మురుగేష్ షెడ్డుకు పోయి, మోతలో వినపడేట్టు గట్టిగా గడ్డపార అడిగాను.

"ఎందుకు సార్?" అన్నాడు మగ్గం ఆపి.

"గోడకు."

అతను నన్ను ఒకసారి పైకీ కిందికీ చూశాడు. "మీకు పట్టుకునేది తెలుసునా? కాలి మింద ఏసుకుంటారు. మేస్త్రీని పిలిపిస్తాను ఉండండి, ఎల్లుండి వస్తాడు."

"ఎల్లుండికి వద్దు. నువ్వు ఆ పక్క నుంచి రా, నేను ఈ పక్క నుంచి."

మురుగేష్ ఇంకేమీ అడగలేదు. ఒక గడ్డపార నాకిచ్చి, ఇంకొకటి తను తీసుకున్నాడు. పనివాళ్ళను షెడ్డు వెనక నుంచి జరగమని అరిచాడు.

పెరట్లోకి వచ్చేసరికి లీలావతి బట్టల తీగ విప్పుతోంది.

"అది నేను చూసుకుంటాను," అన్నాను. "నువ్వు ఎదురింటికి పో. మగ్గం మీద చెయ్యి వేయొద్దని కుప్పయ్యకు చెప్పు. వరదమ్మను గంజి కాచమను."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

తను చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పోయింది. నేను పందిరి కింద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, గడ్డపార ఎత్తి గోడ నడుమ కొట్టాను. సున్నం పెళ్ళ రాలింది, ఇటుక కదల్లేదు. అవతలి నుంచి మురుగేష్ "ఇంకాస్త కింద, సార్" అన్నాడు. కింద కొట్టాను.