దానంతటదే మొదలయ్యే జపమాల

మా రాజుపాలెం చర్చిలో తెల్లవారుజామున చెప్పే జపమాల హైదరాబాదులోను, కువైట్‌లోను ఉన్న మా ఊరివాళ్ళ ఫోన్లలో కూడా వినిపిస్తుంది. అందుకోసం చర్చి వెనక గదిలో ఒక పాత కంప్యూటర్ పెట్టారు. లినక్స్ సర్వర్ అంటారు దాన్ని. కరెంటు పోయి వస్తే అది దానంతటదే ఆన్ అవుతుంది. ప్రసారం చేసే ప్రోగ్రాం మాత్రం మొదలవదు. ఎవరో ఒకరు వెళ్ళి మొదలుపెట్టాలి. ఆ ఒకరు మా ఆయన బెంజిమిన్.

మొన్న జనవరిలో, మంచు దట్టంగా పట్టిన ఒక వేకువన ఆయన బండి మీద చర్చికి వెళుతూ, వెనక లైటు లేని పత్తి ట్రాక్టర్‌ను గుద్దుకుని చనిపోయారు. ముందు రోజు నుంచి ఆయనకు జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. తలుపు దగ్గర అడ్డంగా నిలబడి, ఈ ఒక్కరోజు మానమన్నాను.

"ఎట్టా మానేదే. నేను పోకపోతే అది మొదలవదు. వేరే దారి లేదు. అవతల ఫిలోమినా ఫోన్ మీద ఫోన్ చేస్తంది."

ఫిలోమినా ఆయన చెల్లెలు. హైదరాబాదులో నర్సు. జపమాల వినపడకపోతే ముందుగా ఫోన్ చేసేది ఆమే. సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని, "నేను ఫోన్ చెయ్యకపోతే అన్న బతికేవాడు వదినా" అంది. ఇప్పటికీ ఎప్పుడు మాట్లాడినా ఆ మాట దగ్గరికే వస్తుంది. నీ తప్పు లేదమ్మా, వెళ్ళక తప్పని పని మీద వెళ్ళారు అని చెబుతూ వచ్చాను. ఫాదర్ గారు ప్రసంగంలో అన్నదీ అదే. దేవుని పనిలో పోయాడన్నారు. ఆ మాట పట్టుకునే నేను పాఠాలు చెప్పడానికి మళ్ళీ బడికి వెళ్ళగలిగాను.

ఆయన పోయినప్పటి నుంచి ప్రసారం లేదు. ఎవరినైనా పిలిపించమని ఫాదర్ గారు అడిగితే, నా దగ్గర చదువుకున్న భావనకు కబురు చేశాను. నరసరావుపేటలో ఒక కాలేజీలో లెక్చరర్. మొదట ఆ కంప్యూటర్ అమర్చిపెట్టింది కూడా తనే. శనివారం మధ్యాహ్నం వచ్చింది. నేను పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. తను ఏవో నాలుగు మాటలు టైపు చేసి, "అయిపోయింది టీచర్" అంది.

"ఇక కరెంటు పోయినప్పుడల్లా ఎవరు రావాలి? ఎవరికైనా నేర్పించాలి కదా."

"ఎవరూ రానక్కర్లేదు. స్టార్ట్ అంటే ఇప్పుడు మొదలుపెట్టమని. ఎనేబుల్ అంటే కంప్యూటర్ ఆన్ అయినప్పుడల్లా దీన్నీ మొదలుపెట్టమని. ఆ ఒక్క మాట చెబితే చాలు."

"ఈ సౌకర్యం కొత్తగా వచ్చిందా?"

"లేదు టీచర్. ముందు నుంచీ ఉన్నదే." మానిటర్ వైపు నుంచి తల తిప్పలేదు. "రెండేళ్ళ కిందటే పెట్టాను. వారం తిరక్కుండా సార్ ఫోన్ చేసి తీయించారు. మీకు తెలుసనుకున్నాను."

ఎందుకు తీయించారని అడిగాను.

"నవ్వుతానే అన్నారు టీచర్. నేను పనిచేసే మిల్లు మూశాక నాకు మిగిలిన డ్యూటీ ఇదొక్కటేనమ్మా, ఇది కూడా మిషనే చేసుకుంటే నేను ఇంట్లో కూర్చుని టీచరమ్మ జీతం తినాలా, అన్నారు. అడిగినట్టే తీసేశాను."

ఆ జీతం గురించి నేను ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆయనా నాతో అనలేదు. భావనతో అన్నారు. జ్వరంతో చెప్పులు వేసుకుంటూ నాతో చెప్పింది, వేరే దారి లేదని. అది అబద్ధం. దాని మీదే నేను ఇన్ని నెలలు నిలబడ్డాను. ఫిలోమినాను నిలబెట్టబోయిందీ దాని మీదే.

"ఎనేబుల్ చెయ్యమంటారా?" అని భావన మెల్లగా అడిగింది. చెయ్యమన్నాను.

తను కంప్యూటర్ ప్లగ్గు పీకి, కాసేపాగి మళ్ళీ పెట్టింది. ఇద్దరం చేతులు కట్టుకుని కూర్చున్నాం. నేను ఫిలోమినాకు ఫోన్ చేసి, జపమాల లింకు తెరిచి చూడమన్నాను. చూసి తనే మళ్ళీ చేసింది.

"వస్తంది వదినా. చర్చిలో ఎవరో ఊడుస్తన్నట్టున్నారు, చీపురు చప్పుడు ఇంటన్నా. ఎవరు ఆన్ చేశారు?"

"ఎవరూ చెయ్యలేదు. కరెంటు రాగానే అదే మొదలైంది."

"అదే మొదలయిద్దా?"

చెబితే ఆమె కళ్ళలో అన్న చిన్నబోతాడు. చెప్పకపోతే ఆమె జీవితాంతం ఆ ఫోన్ బరువు మోస్తుంది.

"ఎప్పుడో మొదలయ్యేది. మీ అన్న వద్దన్నారు. రెండేళ్ళ కిందట పెడితే తీయించారు. నీ ఫోన్ వల్ల కాదు ఫిలోమినా. ఆయన వెళ్ళనవసరమే లేదు."

ఫోన్‌లో అవతల నుంచి వినపడుతున్న చీపురు చప్పుడు ఆగింది. ప్రసారం కట్టేసినట్టుంది.

"మరి నాతో ఏందొదినా, నువ్వు ఫోన్ చేస్తేనే నాకు తెలిసేది, మర్చిపోబాక అన్నాడు? నైట్ డ్యూటీలో పేషెంట్లను వదిలేసి మరీ చేసేదాన్ని."

"నాతో వేరే దారి లేదన్నారు."

"ఏం మనిషి వదినా. ఏం మనిషి." ఏడుపులోనే కోపం వచ్చింది తనకు. ఇన్ని నెలల్లో తనను తాను కాక అన్నను తిట్టడం అదే మొదలు. ఆపమని నేను అనలేదు. చానాసేపు తిట్టింది. తరువాత ముక్కు చీదుకుని, "రేప్పొద్దున ఇంటాలే. నువ్వు పోతావా చర్చికి?" అంది.

"ఎవరూ పోనక్కర్లేదు" అన్నాను.

కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. మాటలు బయటికి వినపడకుండా భావన లేచి, కిటికీ మూయడానికి వెళ్ళింది.