నడికట్టు లేనిది

నోర్జ్‌మా లాయంలో పేడ ఎత్తుతుండగా బూడిద గుర్రం మళ్ళీ గడియను పెదవులతో లాగేసి బయటికి వచ్చింది. వచ్చింది చాలక పక్క గుర్రం తలుపు కూడా తీసింది. "నీకెందుకురా ఊరి పెత్తనం?" అంటూ ఆమె పార కాడతో దాని పిరుదు మీద తట్టింది. మోకాళ్ళు వాచిన మనిషి, మోకాళ్ళు వాచిన గుర్రం, ఇద్దరూ కుంటుకుంటూనే లోపలికి వెళ్ళారు.

ఆ రోజు దాన్ని మాంసానికి కోయడానికి తీసుకుపోతారని పొద్దున ఉప్పు టీ తాగేటప్పుడే ఆమెకు తెలిసింది. లాయం యజమాని గల్సాన్ తల ఎత్తకుండా చెప్పాడు. ముసలిదైపోయింది, పందేనికి పనికిరాదు, చలికాలమంతా గడ్డి దండగ అన్నాడు. అతని తండ్రి హయాంలో ఆ ఇంటికి పేరు తెచ్చింది ఈ గుర్రమే. నోర్జ్‌మాకు ఒళ్ళు మండింది. అయినా ఏమీ అనలేదు. అనకుండా ఊరుకోవడం ఆమె స్వభావం కాదు. గల్సాన్ అప్పుడే భయపడి ఉండాల్సింది.

మా మంగోలు భాషలో ఆడదాన్ని 'నడికట్టు లేనిది' అంటాం. నోర్జ్‌మా మాత్రం మొగుడు చనిపోయిన ఏడు అతని నీలం పట్టు నడికట్టు తీసి తన పొడుగు అంగీ మీద బిగించుకుంది. లాయంలో అందరూ నవ్వారు. పని చేసేటప్పుడు అంగీ కాళ్ళకు అడ్డం పడితే మీరొచ్చి పట్టుకుంటారా అని అడిగి అందరి నోళ్ళూ మూయించింది.

మధ్యాహ్నం కసాయి బదర్చ్ లారీ తెచ్చాడు. గుర్రం కాళ్ళు చూద్దామని వంగాడు. అది అతని ఉన్ని టోపీని పళ్ళతో ఎత్తి పేడకుప్పలో పడేసింది. మావాళ్ళకు టోపీ నేలపాలైతే పరువు నేలపాలైనట్టే. గల్సాన్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. బదర్చ్ ముఖం మాడ్చుకుని వెంటనే ఎక్కించమన్నాడు.

నోర్జ్‌మా నడికట్టు విప్పింది. అంచు పళ్ళతో కొరికి ఒక పీలిక చించింది. జూలు ముట్టుకుంటే చాలు తల విదిలించే గుర్రం, ఎందుకో ఆ రోజు మెడ వంచి ఆమె భుజం మీద గడ్డం ఆనించింది. ఆమెకు కళ్ళు చెమర్చాయి. నీలం పీలికను జూలుకు ముడివేసింది. అలా కట్టిన గుర్రం ఇక దేవుడిది. దాన్ని అమ్మకూడదు, కోయకూడదు, ఎక్కకూడదు.

గల్సాన్ ముఖం పాలిపోయింది. "అది లామా వచ్చి కట్టాలక్కా. ఆడవాళ్ళు కడితే చెల్లదు."

"చెల్లకపోతే విప్పు," అంది. "నీ చేత్తోనే విప్పి ఎక్కించు. తర్వాత ఏదైనా అయితే నన్నడక్కు."

గల్సాన్ చెయ్యి జేబులోంచి రాలేదు. అతను బదర్చ్ వైపు చూశాడు.

"నేను ముట్టను బాబూ, పిల్లలు గలవాణ్ణి," అని బదర్చ్ టోపీకంటిన పేడ గీక్కుంటూ లారీ ఎక్కేశాడు.

గల్సాన్ కోపమంతా ఆమె మీదికి తిరిగింది. దేవుడి గుర్రాన్ని నువ్వే మేపుకో, ఇక్కడ నీకిక పని లేదన్నాడు. ఆమె మంచిదే అంది. నది అవతల తమ్ముడి డేరా ఉంది, గడ్డీ ఉంది. మిగిలిన నడికట్టును మునుపటికంటే బిగించి కట్టుకుని, పగ్గం కూడా పట్టకుండా నడిచింది. గుర్రం కుంటుతూ ఆమె వెంటే వెళ్ళింది.

లారీ ఆగిన చోట కాళ్ళు కట్టడానికి తెచ్చిన తాడు పడి ఉంది. మంచు కురిసి కప్పేసేదాకా దాన్నెవరూ ముట్టుకోలేదు.