వంటింట్లో ఉపన్యాసం

నేను ఒక పప్పుగుత్తిని. రామచంద్రపురం సంతలో ఒక వడ్రంగి నాకు గుండ్రటి తల, పొడుగాటి పిడి చెక్కాడు. పేర్రాజు గారి తల్లి చేతిలోనూ, ఆవిడ తర్వాత కోడలు కమలాంబ చేతిలోనూ పప్పు మెదిపాను. నా బతుకంతా అంతేననుకున్నాను.

పేర్రాజు గారికి నత్తి. గ్రంథాలయంలో ఉద్యోగం దొరికినప్పుడు, అక్కడ ఎవరూ మాట్లాడకూడదట గదా అని మురిసిపోయారట. కానీ పదవీ విరమణ దగ్గరపడింది. ఆనాడు శాలువా కప్పించుకున్న మనిషి లేచి నాలుగు మాటలు చెప్పి తీరాలి.

కమలాంబ నన్ను కడిగి, తుడిచి, ఆయన చేతిలో పెట్టింది.

"ఇదే మైకండి. కానివ్వండి."

తను ఎదురుగా కూర్చుని అధ్యక్షురాలయింది. "ఇప్పుడు మావారు మాట్లాడతారు."

"అ... అధ్యక్షులు పేరు పెట్టి పిలవాలే!"

"భలేవారే! మీ పేరు నేనెలా అంటానండీ?"

రోజూ వంటయ్యాక ఇదే సాధన. మాటకు ముందు ఊపిరి తీసుకోమనేది. నేల చూపులు మాని తన మొహంలోకి చూడమనేది. "తొందరేం లేదు, ఈ సభ ఎక్కడికీ పోదు" అనేది. మెల్లగా మాట సాగింది. పాఠకుల గురించి, చెదల నుంచి కాపాడిన పుస్తకాల గురించి ఆయన చక్కగా చెప్పేవారు. చివరి వాక్యం దగ్గరే ఆగిపోయేవారు.

"ఇన్నాళ్లూ నాకు మాటసాయమైన నా భార్య క... క..."

"నా పేరెందుకండీ? మా ఆవిడ అనేయండి, సరిపోతుంది."

"ఊహూఁ. నీ పేరు స... సభలో వినపడాలి."

సభకు వారం ఉందనగా కమలాంబ గుండె ఆగిపోయింది.

మైలలో ఉన్న మనిషికి సన్మానమేమిటి? సభ జరగలేదు. తోటి ఉద్యోగులు శాలువా, గంధపు దండ అరుగు మీద పెట్టి, గుమ్మం తొక్కకుండా వెళ్లిపోయారు.

పిల్లలు లేరు గనుక కర్మ ఆయనే చేశారు. పురోహితుడు అడిగినప్పుడల్లా చనిపోయినావిడ పేరు బావమరిది అందిస్తూ వచ్చాడు. పన్నెండో రోజు పెరట్లో వంటవాళ్లు నాతో పప్పు మెదుపుతున్నారు. పక్కనే కార్యక్రమం.

"గోత్రం, పేరు చెప్పండి బాబూ" అన్నాడు పురోహితుడు.

"నే చెబుతా, ఉండు బావా" అంటూ బావమరిది ముందుకు వంగాడు. పేర్రాజు గారు చెయ్యెత్తి ఆపారు. ఊపిరి తీసుకున్నారు. తలెత్తి, ఎదుట ఎవరూ లేనిచోటికి చూశారు.

"కాశ్యప గోత్రం. కమలాంబ."

ఎక్కడా తడబడలేదు. బావమరిది మొహం తిప్పుకున్నాడు. పురోహితుడు మంత్రం అందుకున్నాడు.

నేను దేవుణ్ణి తప్పుపట్టను. రోజూ ఆయన నైవేద్యానికి పప్పు మెదిపిన దాన్ని. కానీ ఆ ఒక్క పేరూ ఆమె ఉండగానే పలికిస్తే స్వామికి వచ్చే నష్టమేమిటో నాకు బోధపడదు.

ఇప్పుడు ఆ ఇంటికి హోటలు నుంచి క్యారేజీ వస్తుంది. నేను గోడకు వేలాడుతున్నాను. ఒక్కోసారి ముందుగదిలోంచి పేర్రాజు గారు మంచినీళ్లకో, కళ్లజోడుకో అలవాటుగా ఆమెను పేరు పెట్టి పిలుస్తారు. మాట చక్కగా వస్తుంది. కాసేపు ఆగి, తనే లేచి వస్తారు.