గుండెలో చిల్లు

మా ఊళ్ళో రాయి చెక్కని మగవాడు లేడు. ఆ రాళ్ళను నీళ్ళు పోసి ఉప్పుకాగితంతో నున్నగా రుద్దని ఆడదీ లేదు. నా మొగుడు చెక్కినవి నలభై ఏళ్ళు రుద్దాను. వేలిముద్రలు అరిగిపోయాయి. మొన్న ఓటరు జాబితాకు వేలు పెట్టమంటే ఆ యంత్రం నన్ను మనిషిగానే ఒప్పుకోలేదు.

నా మనవరాలు షింగై చిన్నప్పుడు బకెట్టు నీళ్ళు మోస్తే చాలు, ఆయాసంతో కూలబడేది. సోమరిపోతు అంది ఊరంతా. పదిహేడో ఏట మా రాజధాని హరారే ఆసుపత్రిలో డాక్టరమ్మ తెర మీద దాని గుండె చూపించింది. నడిమి గోడలో చిల్లు! ఆపరేషన్ చేసి మూశారు.

ఇంటికి వచ్చిన షింగై, కాలం చేసిన వాళ్ళ తాత ఉలిని అందుకుంది. ఏడు నెలలు నల్లరాయిలో గుండె చెక్కింది. ప్రేమ ఉత్తరాల మీద గీసే గుండె కాదు. గొట్టాలతో, నరాలతో, ఓ పక్కకు ఒరిగిన అసలు గుండె, గంపంత. ఇక మిగిలింది ఆ చిల్లే. రాయిని ప్రదర్శనకు తీసుకెళ్ళే లారీ మధ్యాహ్నం వస్తుందనగా, ఊరి పెద్ద, మా బావగారు తరువింగ, వచ్చి దాని చేతిలో ఉలి లాక్కున్నారు.

"గుండె వంశంలో పుట్టి గుండెనే పొడుస్తావుటే? మన వంశం పేరని మనం ఎద్దు గుండె కూడా నోట పెట్టం!"

"తినట్లేదు కదా తాతయ్యా, చెక్కుతున్నా."

"చెక్కావు, ఊరుకున్నాను. చిల్లు మాత్రం వద్దు. నిండుగా పంపు."

"చిల్లు లేకపోతే అది నా గుండె కాదు. సోమరిపోతన్నారుగా! ఎందుకు కూలబడ్డానో అందరూ ఇందులోంచి చూడాలి."

"మన వంశం చెయ్యి దాన్ని పొడిచిందా, ఆ రాయి లారీ ఎక్కదు."

చుట్టూ ఉన్న మగాళ్ళు తల దించుకున్నారు. అందరూ ఆ వంశంవాళ్ళే. షింగై ఏడవలేదు. రాయి మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

నేను బేసిన్‌లోంచి తడి చేతులు తీసి లేచాను.

"బావగారూ, నాది ఏ వంశం?"

"అదేం ప్రశ్న? చేప వంశం. పుట్టింటిది పెళ్ళితో పోతుందా?"

"మీ ఇంటికొచ్చి యాభై ఏళ్ళు. ఒక్క చేప ముక్క ముట్టానా?"

"లేదు."

"మరి గుండె?"

ఆయన నవ్వు ఆపుకున్నారు. "ఏ పెళ్ళిలో ఎద్దును కోసినా గుండె నువ్వే తినేదానివి. మేం చూస్తూ కూర్చునేవాళ్ళం."

"అయితే ఆ ఉలి ఇటివ్వండి."

"నీకు ఉలి పట్టడం వచ్చా అమ్మాయ్?"

"మీ తమ్ముడి తప్పులన్నీ రుద్ది దిద్దింది ఎవరనుకున్నారు?"

ఉలి నా చేతికివ్వలేదు. నేల మీద పెట్టి మొహం తిప్పుకున్నారు. నాకది చాలు.

షింగై సుద్దతో గీత గీసింది. "ఇక్కడ, నానమ్మా. కాస్త ఏటవాలుగా." మొదటి దెబ్బకే అంచు చిట్లింది. నేను ఉలి ఆపేశాను. "కొట్టు, పర్లేదు. అసలుదీ గుండ్రంగా లేదు," అంది. అన్నం వేళకు అవతలి వెలుగు నా మోకాలి మీద పడింది.

లారీ ఎక్కించే ముందు షింగై రాయి అడుగున తన పేరు చెక్కింది. పక్కన చిన్న చేపను గీసింది.

"గుండె మీద చేపేమిటి?" అన్నారు బావగారు.

"ఏ వంశం చెయ్యి పొడిచిందో అడిగేవాళ్ళకి తెలియాలిగా," అన్నాను.