చక్రం కింద చెక్క

నా భార్య నా బామ్మర్ది వల్ల చనిపోయింది. ఇందులో వాదనకేమీ లేదు. బరువెక్కించిన బండి వాలు మీద ఆగితే చక్రం కింద చెక్క పెట్టాలి. వాడు పెట్టలేదు.

మాది చెక్క సామాను చేసే కొట్టు. నేను కోసి బిగిస్తాను. నా భార్య పాలిష్ పట్టేది. ఆమె తమ్ముడు సరుకు చేరవేసేవాడు. వీధిలో అందరూ వాణ్ణి తొందర అని పిలిచేవారు. ఆ పేరు వాడు కష్టపడి సంపాదించుకున్నాడు.

కొట్టు వీధికి ఎగువన ఉంది. గడప ముందు బండి పట్టేంత చదును, ఆ తర్వాత ముప్పై గజాల వాలు. వాలు చివర గోడ, గోడ పక్కన కుళాయి. నాలుగు ఇనుప చక్రాల బండి మాది. ఇరుసులు తుప్పు పట్టి, వాలు మీద వదిలినా కదిలేది కాదు. కదిలిస్తే వీధంతా వినపడేలా అరిచేది. దాన్ని మొండిది అనేవాళ్లం.

"అది నీ తోబుట్టువయ్యా. తోస్తే గానీ కదలదు, కదిలితే అరుపే" నాతో అనేవాడు ఎదురింటి దర్జీ. నా భార్య నవ్వేది. నేను నవ్వేవాణ్ణి కాదు.

చెక్క ఆమెదే. ఒక ముక్కను నాచేత ఏటవాలుగా చెక్కించి, ఎర్ర రంగు వేసి, బండికి తాడుతో కట్టింది. తొందర దాన్ని ముట్టుకునేవాడు కాదు.

"ఇద్దరం తోస్తేనే రాదక్కా ఇది. దానంతటదే ఎక్కడికి పోతుంది?"

"నీలాగే ఒకరోజు చెప్పాపెట్టకుండా పోతుంది. పెట్టరా" అనేది.

ఎనిమిదేళ్లు వాడి మాటే నెగ్గింది. తప్పు చేసినా ఏమీ కాకపోతే మనిషి ఆ తప్పునే పద్ధతి అనుకుంటాడు.

ఆ రోజు పొద్దున ఒక పెద్ద అల్మరా వెళ్లాలి. ముగ్గురం కలిసి బండి మీదికి ఎక్కించాం. నా భార్య పాలిష్ గుడ్డలు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. నేను లోపల రంపానికి పదును పెడుతున్నాను. తొందర బండిని వాలు అంచుకు లాగాడు.

"బావా, ఇవాళ నాకు బలం పెరిగినట్టుంది. ఒంటి చేత్తో వచ్చింది" అన్నాడు.

నేను తల ఎత్తలేదు.

ముందు చక్రం ఒక గులకరాయికి ఆనుకుని ఆగింది. ఎప్పటిలా మొండికేసిందనుకుని వాడు అల్మరా కట్టే తాడు కోసం లోపలికి వచ్చాడు. అల్మరా తలుపుకు ఇంకా తాళం బిగించలేదు. అది తెరుచుకుంది. ఆ ఊపు చాలింది. చక్రం రాయి దాటింది. తర్వాత దాన్ని ఆపేది ఏదీ లేదు, గోడ తప్ప. గోడకూ బండికీ మధ్య నా భార్య ఉంది.

ఎర్ర చెక్క తాడుకు వేలాడుతూనే ఉంది. అది అందరూ చూశారు. నేను వాణ్ణి గడప తొక్కవద్దన్నాను. వాడు వెళ్లిపోయాడు.

రెండేళ్లు గడిచాయి. వాడు పని మానేశాడు. బరువు ఎత్తడు, బండి ముట్టుకోడు. తలుపు కూడా నెట్టడట, ఎవరైనా తీస్తే దాటుతాడు. మా అమ్మాయి రోజూ వాడికి అన్నం పట్టుకెళ్తుంది. నేను అడ్డుచెప్పలేదు. అడగనూ లేదు.

మా అమ్మాయి బడిలో సైన్సు చెబుతుంది. పోయిన నెల ఒక సెలవు రోజున పెరట్లో మూలనున్న బండిని బయటికి తీసింది. పిల్లలకు పాఠం చెప్పడానికట. కొక్కెంతో లాగి బలం కొలిచే స్ప్రింగు త్రాసు ఒకటి తెచ్చి, బండికి తగిలించి లాగింది.

"నాన్నా, ఇటు రా."

వెళ్లాను.

"దీన్ని ఇద్దరు తోసినా రాదనేవాడుగా మామయ్య? ముల్లు రెండు కిలోల దగ్గరే ఉంది. వచ్చేస్తోంది."

"పాతబడింది."

"పాతబడితే బిగుసుకుంటుంది, వదులవదు." ఆమె వంగి ఇరుసు మీద వేలు పెట్టింది. వేలు నల్లగా వచ్చింది. "దర్జీ బాబాయి ఎప్పుడూ ఒకటే అంటాడు. ఆ రోజు బండి అరవలేదమ్మా, అరిచుంటే మీ అమ్మ పక్కకు తప్పుకునేది అని. ఆయనకు చెవుడేమో అనుకున్నాను."

నేను ఇరుసు వైపు చూశాను.

"గ్రీజు ఎప్పుడు పెట్టావు?"

"ముందు రోజు సాయంత్రం."

నా భార్యకు కుడి భుజం నొప్పి. బండిని ఎగువకు తోసి తోసి వచ్చింది. చక్రాలకు గ్రీజు పెట్టమని ఆరు నెలలు అడిగింది. ఊ అన్నాను. ఆ సాయంత్రం పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చేసిన పని చాటుకోవడం నాకు అలవాటు లేదు. తోసినప్పుడు ఆమెకే తెలుస్తుందనుకున్నాను. బలం పెరిగిందని తొందర అన్నప్పుడు నాకు వినపడింది. లోలోపల నవ్వుకున్నాను.

"మామయ్యకు తెలుసా?" అంది అమ్మాయి.

"చెక్క పెట్టాల్సింది వాడు."

"అవును. పెట్టాల్సిందే. మామయ్య ఆ మాట రోజూ అంటాడు. నేను అడిగింది అది కాదు."

 ఆమె త్రాసు విప్పి, గుడ్డతో తుడిచి, సంచిలో పెట్టుకుంది.

"వాలూ అదే, బరువూ అదే. పట్టి ఉంచేది పోయింది. ఆ సంగతి నీకొక్కడికే తెలుసు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను నాన్నా. నా నోటివెంట వింటే ఆయన నమ్మడు. నీ మీద కోపంతో అంటున్నాననుకుంటాడు."

మర్నాడు వాడి గదికి వెళ్లాను. తలుపు నేనే తోసుకుని వెళ్లాను. వాడు మంచం మీంచి లేచి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బక్కచిక్కిపోయాడు.

"కూర్చో బావా."

"కూర్చోవడానికి రాలేదు. ముందు రోజు సాయంత్రం చక్రాలకు గ్రీజు పెట్టాను. నీకు చెప్పలేదు. మీ అక్కకూ చెప్పలేదు."

వాడు తన అరచేతులు చూసుకున్నాడు.

"ఒంటి చేత్తో వచ్చిందని అన్నాను కదా బావా."

"అన్నావు."

"విన్నావా?"

"విన్నాను."

"అప్పుడు చెప్పినా చెక్క పెట్టేవాణ్ణి."

"చెప్పకపోయినా పెట్టాలి. అందుకే అది బండికి కట్టి ఉంది."

వాడు తల ఊపాడు. ఏడవలేదు. నన్ను తిట్టనూ లేదు. తిడితే పడేవాణ్ణి. నేను బయటికి వచ్చాను. నా వెనుక తలుపు మూసుకుంది. వాడే నెట్టాడు.

ఇప్పుడు వాడు మళ్లీ ఎక్కడో సరుకు మోస్తున్నాడట. మా కొట్టుకు రాలేదు. నేను పిలవలేదు. పిలవను. వాడు చెక్క పెట్టలేదు. దాన్ని ఏ గ్రీజూ మార్చదు. నా సంగతి నాకు తెలుసు, దాన్నీ ఎవరూ మార్చలేరు.

ఆదివారం మా ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టాలని అమ్మాయి చూస్తోంది. మాట్లాడుకుంటే బరువు తగ్గుతుందంటుంది. నేను వెళ్లను. ఒక మాట సమయానికి చెప్పలేకపోయాను. రెండేళ్లు ఆలస్యంగా, చెప్పాల్సినవాడికి చెప్పాను. ఇక దీని గురించి ఎవరితోనూ నోరు విప్పను, నా కూతురితో కూడా.