గొట్టానికి కట్టిన పలక

చీర మోకాళ్ల దాకా ఎగదోపుకుని, చేలో పాతిన ప్లాస్టిక్ గొట్టంలోకి రాజ్యం వెదురు పుల్ల దించింది. పుల్ల మీద గాట్లు తను పెట్టుకున్నవే. నీరు మూడో గాటు దాకా తడిపింది. పొద్దున్నుంచి ఇది పదకొండో చేను. కాలివేళ్ల సందులు పాసి తెల్లబడ్డాయి.

వరిచేను మధ్యమధ్యలో ఆరితే బురదలోంచి భూమిని వేడెక్కించే పాడుగాలి తక్కువ పుడుతుందట. ఆ తగ్గినదాన్ని లెక్కగట్టి రైతులకి డబ్బులిచ్చే కంపెనీ యాప్‌లో, కొత్తపేట చుట్టుపక్కల నలభై చేల సంగతి ఎక్కించడం ఆమె పని. అంతకుముందు పదేళ్లు అంగన్‌వాడీలో ఆయాగా పిల్లల బరువులు తూచింది. ఎవరికీ గుర్తుండని పనులే. అయితేనేం, కళ్లతో చూడనిది ఏనాడూ రాయలేదు.

సోమవారం యాప్ కొత్త వేషం వేసుకొచ్చింది. పాతదాంట్లో అడుగున ‘ఇతర విషయాలు’ అని ఒక పెట్టె ఉండేది. ఇప్పుడది లేదు. ‘ఆరింది’ అని ఆకుపచ్చ బొత్తాం, ‘ఆరలేదు’ అని ఎర్ర బొత్తాం, గొట్టానికో ఫోటో, అంతే. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఎవడిక్కావాలి ముచ్చట!

“మళ్లీ ఎర్రదేనా?” గట్టు మీంచి జయమ్మ అడిగింది. చేను ఆమెదే. ఇప్పటికే రెండు ఎరుపులు పడ్డాయి, మూడోది పడితే పథకంలోంచి పేరు పోతుంది. దిగువ మురుగు కాలువ గుర్రపుడెక్కతో పూడిపోయి చేలో నీరు కదలడం లేదు. “నీళ్లు నా మాట వింటాయేంటే రాజ్యం?”

రాజ్యం సూపర్‌వైజరు నాగసతీష్‌కి ఫోన్ చేసింది.

“సతీష్‌బాబూ, ఆ రాసుకునే పెట్టె మళ్లీ పెట్టించండి.”

“అదెవరూ చదవట్లేదనే తీసేసేరండి. పచ్చది నొక్కేయండి, గొడవుండదు.”

“నిండా నీళ్లుంటే ఆరిందని ఎలా నొక్కుతానండి?”

“మరైతే ఎర్రది నొక్కండి.”

ఒకటి అబద్ధం, ఒకటి అన్యాయం. రాజ్యానికి ఒళ్లు మండిపోయింది. జయమ్మని అడిగి ఆమె మనవరాలి పాత పలక తెప్పించుకుంది. ‘కాలువ పూడింది. తప్పు జయమ్మది కాదు’ అని సుద్దతో రాసి, గొట్టానికి ఆనించి ఫోటో తీసింది. అప్పుడు ఎర్రది నొక్కింది. తర్వాత చూసిన ప్రతి చేలోనూ, యాప్ చోటివ్వని మాటలన్నీ పలక మీద రాసే పంపింది.

నాలుగింటికి నాగసతీష్ ఫోను. “పలకలేంటండీ బాబూ! మిషను ఆ ఫోటోలు చదవలేక ఆగిపోయిందంట. ఇప్పుడవన్నీ మనుషులు కూర్చుని చూడాలంట.”

“చూడనివ్వండి. నాక్కావలసిందదే.”

సాయంత్రానికి జయమ్మ పేరు పక్కన ‘పరిశీలనలో ఉంది’ అని పడింది. పేరు పోలేదు. ఆ వెంటనే రాజ్యం లాగిన్ ఆగిపోయింది. మళ్లీ నాగసతీష్ ఫోను చేశాడు.

“రేపట్నుంచి మీ బదులు అక్షయని పంపుతున్నారండి. కంపెనీ ఫోను ఆ అమ్మాయికిచ్చేయండి.”

“ఆయ్, అలాగేనండి,” అంది రాజ్యం.

చీకటి పడకముందే కొత్తపేట వెళ్లి చిన్న డబ్బా తెల్లరంగు కొంది. పలకకి రెండువైపులా ‘కాలువ పూడింది. తప్పు జయమ్మది కాదు’ అని రాసి, ఆరాక ఇనప తీగతో జయమ్మ చేలో గొట్టానికి బిగించింది.

మర్నాడు అక్షయ వచ్చింది. గొట్టం పడకపోతే యాప్ ఫోటో తీసుకోదు. పలకని తప్పించాలని ఆ పిల్ల ఈ గట్టు మీంచి తీసింది, చుట్టూ తిరిగి ఆ గట్టు మీంచి తీసింది. ఎటునుంచి తీసినా గొట్టంతోపాటు పలక పడుతూనే ఉంది.