ట్రిప్టోఫాన్ లేని రోజు

"గుడ్లు తింటే దిగులు తగ్గుతుందట," అన్నారు మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, ఆఖరి గుడ్డు తన పళ్లెంలో వేసుకుంటూ.

"మేం ఏం తిని పెరిగాం? మాకు లేని దిగులు దీనికెందుకొచ్చిందో," అన్నారు అత్తగారు, నేనక్కడ లేనట్టే. నేను గిన్నె అడుగున మిగిలింది ఊడ్చుకు తిని ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడ మా పైఅధికారి, "కాస్త నవ్వుతూ ఉండొచ్చుగా, వచ్చినవాళ్లు జడుసుకుంటున్నారు," అన్నాడు.

నాకు నవ్వు రావడం మానేసి చాలాకాలమైంది. ఆస్పత్రిలో చూపించుకుంటే ఓ కుర్ర డాక్టరమ్మ, తిండికీ మనసుకీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేస్తున్నాం, వస్తారా అని అడిగింది. "వెళ్లిరా. నీలో లోపమేంటో తేలితే ఇంటిల్లిపాదికీ మనశ్శాంతి," అన్నారు మా ఆయన. నాకూ అదే కావాలి. లోపం నా మెదడులోనే ఉంటే మందు మింగొచ్చు. లేదంటే ఏం చేయాలో నాకు తెలియదు.

మనసును కుదురుగా ఉంచే సెరటోనిన్‌ను మెదడు ట్రిప్టోఫాన్‌తో తయారు చేసుకుంటుందట. అది మాంసకృత్తుల్లో ఉండే ఒక అమైనో ఆమ్లం, కానీ తోటి ఆమ్లాలన్నిటికంటే తక్కువగా ఉంటుంది. అన్నీ ఒకే గుమ్మంలోంచి మెదడులోకి వెళ్లాలి కాబట్టి ఆ తోపులాటలో ఇది వెనకబడిపోతుందట. డాక్టరమ్మ బొమ్మ గీసి చూపిస్తుంటే, గుమ్మం బయట నిలబడిపోయినదాన్ని నేను వెంటనే గుర్తుపట్టాను.

వారం తేడాతో రెండు రోజులు వెళ్లాలి. ఒకరోజు ఇచ్చే పానీయంలో ట్రిప్టోఫాన్ ఉంటుంది, ఇంకోరోజు ఉండదు. ఏది ఎప్పుడో చెప్పరు. లేనిది తాగిన రోజు దిగులు ముంచుకు రావచ్చు, సాయంత్రం భోజనం పెట్టి సరిచేస్తామన్నారు. రెండూ ఒకేలా, సున్నం నీళ్లలా ఉన్నాయి.

మంచం మీద పడుకోబెట్టారు. అలవాటు కొద్దీ లేచి దుప్పటి మడతపెట్టబోతే నర్సు లాక్కుంది. "ఉండండమ్మా, నా ఉద్యోగం ఊడగొడతారా ఏంటి?" అంది. కాసేపటికోసారి వచ్చి పక్కన కూర్చుని, "ఇప్పుడెలా ఉందమ్మా మనసుకి?" అని అడిగేది. చెప్పేదాకా లేచేది కాదు. మొదటిరోజు ఏం చెప్పాలో తెలియక "బాగానే ఉంది" అన్నాను. రెండోరోజు నా మాటలు ఆగలేదు. చిన్నప్పుడు పాడేదాన్నని చెప్పాను. పాడమంటే పాడాను కూడా.

ఫలితాలు చూస్తూ డాక్టరమ్మ తల గోక్కుంది. "మీరు పాటలు పాడింది ట్రిప్టోఫాన్ లేని రోజండీ. ఆరోజే మీరు ఎక్కువ సంతోషంగా ఉన్నారు." ఒక్కరితో ఏదీ తేలదులెండి అని తనే సర్దిచెప్పింది. నాకు మాత్రం తేలింది.

ఇంటికి రాగానే, "ఏం తినమన్నారు?" అన్నారు అత్తగారు.

"తిండి సంగతి కాదట. రోజుకోసారి ఎవరైనా నన్ను ఎలా ఉన్నావని అడగాలట," అని అబద్ధం చెప్పాను.

మా ఆయన మా అబ్బాయి వైపు చూశారు, వాడు నానమ్మ వైపు చూశాడు.

"ఎవరడగాలి?" అన్నారు ఆయన.

మర్నాడు ఆఫీసు నుంచి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. మళ్లీ పరీక్షలుంటే నన్ను పిలవమన్నాను. మనసును కుంగదీసే పానీయమే ఇచ్చినా ఫరవాలేదన్నాను.